కళ్లద్దాలు లేని షెడ్డుకు లైసెన్సు వద్దు

భిలాయి ఉక్కు కర్మాగారంలోకి హెల్మెట్ లేకుండా అడుగుపెట్టనివ్వరు. ఆ కట్టుబాటు వెనుక ప్రాణాలు పోయిన చరిత్ర ఉంది. 2014 జూన్‌లో విషవాయువు లీకై ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లతో సహా ఆరుగురు చనిపోయారు. 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ల గ్యాస్ పైప్‌లైన్ దగ్గర పేలుడు పదిమందికి పైగా ప్రాణాలు తీసింది. గ్యాస్ ఎంత పని చేస్తుందో ఈ ఊరికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా పవర్‌హౌస్‌లో, సుపేలాలో, ఖుర్సీపార్‌లో బండ్లు బాగుచేసే షెడ్లలో బ్యాటరీ పని ఏ కట్టుబాటూ లేకుండా సాగిపోతుంటే చూసీ చూడనట్టు ఉంటున్నాం.

చార్జింగ్‌లో ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ హైడ్రోజన్‌ను వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలిలో నాలుగు శాతం చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. అలాంటి చోట చార్జి ఎక్కిందో లేదో చూడటానికి రెండు టెర్మినళ్ల మధ్య వైరు ఆనించి మెరుపు చూసే అలవాటు ఇంకా పోలేదు. ఇది వెంటనే ఆగాలి. పదిహేను వందలు పెట్టకుండానే వోల్ట్‌మీటరు దొరుకుతుంది. బ్యాటరీ పేలితే ముక్కలతో పాటు సల్ఫ్యూరిక్ యాసిడ్ నేరుగా మొహం మీదికి చిమ్ముతుంది. అప్పుడు కళ్లు నలపకుండా, కనీసం పదిహేను నిమిషాలు ఆగకుండా మంచినీళ్ల ధార పట్టి, ఆ తర్వాతే ఆసుపత్రికి పరుగెత్తాలి. సెక్టార్ 9 ఆసుపత్రిలో కాలిన గాయాల విభాగం ఉంది నిజమే, కానీ కన్ను నిలిచేదీ పోయేదీ షెడ్డులోని ఆ మొదటి నిమిషాల్లోనే. కుళాయి లేని షెడ్డులో పనిచేసే కుర్రాడు ఏం చేయాలి?

మిగతా జాగ్రత్తలు ఏ ఉస్తాదైనా ఒక్క పూటలో నేర్పగలిగినవే. విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు చివర నెగెటివ్. యాసిడ్ కలపాల్సి వస్తే నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. పన్నెండు వోల్టులు షాక్ కొట్టవన్న ధీమాతో చేతి కడియం, ఉంగరం తీయరు. అదే కడియం పాజిటివ్ మీదున్న పానాకూ బండి బాడీకీ మధ్య తగిలితే వందల ఆంపియర్ల కరెంటు పారి, ఎర్రగా కాలి చర్మానికి అతుక్కుపోతుంది.

ఈ-రిక్షాలు వచ్చాక ముప్పు పెరిగింది. తలుపులు మూసిన గదిలో రాత్రంతా వరసగా బ్యాటరీలు చార్జింగ్‌కు పెడుతున్నారు. పైన కాపురాలుంటే అవీ ప్రమాదంలో ఉన్నట్టే. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేస్తే, పైన లాడ్జిలో బస చేసిన వాళ్లతో కలిపి ఎనిమిది మంది ప్రాణాలు కోల్పోయారు. ఉబ్బిన లిథియం ప్యాక్‌ను రోడ్డు పక్కన విప్పనివ్వకూడదు. దాన్ని కంపెనీకి పంపాల్సిందే. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు పాత బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యతను తయారీదారుల మీదే పెట్టాయి.

‘జాగ్రత్తగా చెయ్యరా’ అని చెప్పి యజమాని చేతులు దులుపుకోవడాన్ని మేం ఒప్పుకోం. కళ్లద్దాలు, రబ్బరు చేతితొడుగులు కొనాల్సింది జీతం ఇచ్చేవాడే. పదిమంది కూడా లేని షెడ్డు దగ్గరికి ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ రాడు. అందుకే ఈ బాధ్యతను భిలాయి నగర నిగమ్ తలకెత్తుకోవాలి. గాలి ఆడే చార్జింగ్ చోటు, పారే కుళాయి, కళ్లద్దాలు కంటితో చూసి నిర్ధారించుకున్నాకే వ్యాపార లైసెన్సు ఇవ్వాలి. ప్లాంటు భద్రతా విభాగం ఈ మెకానిక్‌లకు శిక్షణ ఇవ్వాలి. ఆ షెడ్లు బతికేది చాలావరకు ప్లాంటు కార్మికుల బండ్ల మీదే.

శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కార్మిక కుటుంబాలనూ ఒకటి కోరుతున్నాం. ప్లాంటు లోపల భద్రత కోసం గొంతెత్తే మీరు, మీ బండికి బ్యాటరీ మార్చే కుర్రాడి కళ్లకు అద్దాలు లేకపోతే తాళంచెవి ఇవ్వకండి. అద్దాలు తెప్పించాకే పని మొదలుపెట్టమనండి.