పోయిన సొమ్ముకు పెద్దమనిషి ఎవరు?

గుంటూరు మిర్చి యార్డులో కాటా దగ్గర తేడా వస్తే రైతు ఊరుకోడు. తాలుకాయ పేరు చెప్పి ధర తగ్గించినా, టిక్కీకి ఇంత అని తరుగు తీసినా కమీషన్ వ్యాపారిని నిలదీస్తాడు. అక్కడ తేలకపోతే మార్కెట్ కమిటీ కార్యదర్శి గది ముందు నిలబడతాడు. వ్యాపారికి లైసెన్సు ఉంది, కొట్టుకు పేరుంది, కాటాకు ముద్ర ఉంది, రైతు చేతిలో తక్‌పట్టీ ఉంది. వీటన్నింటి వెనుక 1966 నాటి మార్కెట్ల చట్టం ఉంది. న్యాయం ప్రతిసారీ జరుగుతుందని ఎవరూ అనరు. కానీ తగాదా వస్తే తొక్కడానికి ఒక గడప ఉంది.

అదే రైతు కొడుకు సెల్‌ఫోన్‌లో కాసినో ఆట ఆడి, గెలిచినట్లు తెరపై కనిపించిన సొమ్ము చేతికి రాకపోతే ఏ గడప తొక్కాలి? కట్టిన డబ్బు ఎవరిని అడగాలి? ఈ ప్రశ్నకు సమాధానం తెలియక ఎన్నో కుటుంబాలు నోరు మూసుకుని నష్టాన్ని దిగమింగుతున్నాయి. పేకాటలో పోగొట్టుకున్నవాడు ఊరి మర్రిచెట్టు కింద ఎవరితో ఆడాడో అందరికీ తెలిసేది. ఫోన్‌లో ఆడినవాడికి ఎదుట కూర్చున్నవాడు మనిషో యంత్రమో కూడా తెలియదు.

పత్తి తీతలు, మిర్చి కోతలు ముగిసే కాలంలోనే ఈ ప్రాంతపు పల్లెల్లో చేతికి సొమ్ము వస్తుంది. ఆ సొమ్ములో ఎరువుల కొట్టు బాకీ, కౌలు, కూలి, వడ్డీ పోగా మిగిలేది స్వల్పం. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి, క్వింటాలుకు 11,781 రూపాయలు మార్కెట్ జోక్యం ధరగా కేంద్రం ప్రకటించవలసి వచ్చిన సంగతి రైతులు మరువలేదు. అటువంటి ఏడాది అప్పు మిగిలిన ఇంట్లో 'ఐదు వందలు పెట్టు, ఐదు వేలు తీసుకో' అనే ప్రకటన ఎంత ఆశ పుట్టిస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

ఈ తగాదాలు సాధారణంగా ఒకే దారిలో నడుస్తాయి. మొదట చిన్న మొత్తాలు గెలిపిస్తారు. రెండు మూడు సార్లు ఆ డబ్బు ఖాతాలో పడుతుంది. నమ్మకం కుదిరిన తర్వాత పెద్ద మొత్తం కట్టిస్తారు. ఆ తర్వాత గెలుపు తెరమీద అంకెగా మాత్రమే పెరుగుతుంది. తీసుకోబోతే ఆధార్, పాన్ మళ్లీ పంపమంటారు. పంపితే బోనస్ కింద ఇచ్చిన సొమ్మును ఇరవై రెట్లు ఆడితే తప్ప ఇవ్వమంటారు. అదీ అయితే ముందు పన్ను కట్టమంటారు. చివరకు ఖాతా మూసేస్తారు. టెలిగ్రామ్‌లో 'అన్నా' అని పిలిచిన ఏజెంటు జవాబివ్వడం మానేస్తాడు. గెలిచిన సొమ్ముపై పన్ను ఉంటే దానిని ఆ సొమ్ములోనే మినహాయించాలి. అంతేగాని ముందుగా ఎవరి సొంత ఖాతాకో పంపమనే పన్ను ఏ దేశంలోనూ లేదు. ఆ మాట వినిపించిన క్షణమే అది మోసమని గ్రహించాలి.

ఈ విషయంలో ఇంగ్లండు అనుభవం గమనింపదగింది. ఆ దేశంలోనూ 1845 నాటి చట్టం ప్రకారం జూదపు బాకీ కోర్టులో చెల్లేది కాదు. 2005లో తెచ్చిన జూద చట్టం 2007 సెప్టెంబరులో అమలులోకి వచ్చి, పందెపు ఒప్పందాన్ని కోర్టులో చెల్లుబాటయ్యేలా చేసింది. లైసెన్సులు ఇచ్చేందుకు గ్యాంబ్లింగ్ కమిషన్ అనే సంస్థ ఏర్పడింది. కంపెనీ ఏ దేశంలో ఉన్నా సరే, బ్రిటన్ ప్రజలతో ఆడించాలంటే ఆ కమిషన్ లైసెన్సు ఉండాలని 2014లో మరో చట్టం తెచ్చారు. తగాదా వస్తే ఆటగాడు ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఎనిమిది వారాల్లో తేలకపోయినా, కంపెనీ ఇచ్చిన తుది జవాబు నచ్చకపోయినా, కమిషన్ ఆమోదించిన మధ్యవర్తి సంస్థకు వెళ్లవచ్చు. ఆటగాడు ఇందుకు పైసా చెల్లించనక్కరలేదు. ఆ పైన కోర్టు ఉండనే ఉంది.

కోర్టుకు వెళ్లి గెలిచినవారూ ఉన్నారు. 2018 జనవరిలో ఫోన్‌లో ఆడి 17 లక్షల పౌండ్లకు పైగా గెలిచిన ఒక ఆటగాడికి, ఆటలో సాంకేతిక లోపం ఉందంటూ కంపెనీ సొమ్ము నిరాకరించింది. ఎవరూ చదవని షరతుల కట్టలో ఎక్కడో దాచిన వాక్యాన్ని చూపింది. ఆ షరతులు స్పష్టంగా లేవనీ, వాటిని ఆటగాడి దృష్టికి సరిగా తేలేదనీ చెప్పి లండన్ హైకోర్టు 2021 ఏప్రిల్‌లో అతనికి అనుకూలంగా తీర్పు చెప్పింది.

అలాగని అక్కడ అంతా సవ్యంగా ఉందనుకోవడం పొరపాటు. కమిషన్ కంపెనీలకు జరిమానా వేయగలదు గాని, ఒక్కొక్కరి సొమ్ము తిరిగి ఇప్పించదు. అందుకే 2023లో ఆ ప్రభుత్వం విడుదల చేసిన శ్వేతపత్రంలో ప్రత్యేక అంబుడ్స్‌మన్‌ను ప్రతిపాదించవలసి వచ్చింది. అప్పు తెచ్చి ఆడే అలవాటు ముదరడంతో 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో జూదమాడటాన్ని నిషేధించారు. పైగా ఈ ఏర్పాటంతా లైసెన్సు ఉన్న కంపెనీలకే వర్తిస్తుంది. లైసెన్సు లేని విదేశీ యాప్‌లో ఆడి మోసపోతే బ్రిటిష్ పౌరుడికి సైతం ఈ మెట్లేవీ ఉండవు. గుంటూరు, ప్రకాశం రైతాంగం తెలుసుకోవలసిన అసలు సంగతి ఇదే. ఇక్కడి ఫోన్లలో ఆడుతున్న కాసినో యాప్‌లన్నీ ఆ రెండవ కోవకు చెందినవే.

ఇక్కడి చట్టం సంగతి చూద్దాం. 1872 నాటి ఒప్పందాల చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెపు ఒప్పందం చెల్లదు. గెలిచిన సొమ్ము కోసం దావా వేయడానికి వీలులేదు. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం గల ఆట అని, మూడు ముక్కలాట వంటిది కాదని 1968లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్‌కు చెందిన కేసులోనే తీర్పు చెప్పింది. ఆ తీర్పునే గొడుగుగా పట్టుకుని అర్ధశతాబ్దం తర్వాత ఆన్‌లైన్ కంపెనీలు ఊరూరా చొరబడ్డాయి. 1974 నాటి రాష్ట్ర గేమింగ్ చట్టాన్ని 2020 సెప్టెంబరులో సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించారు. 132 వెబ్‌సైట్లు, యాప్‌లను నిలిపివేయాలని రాష్ట్రం అదే ఏడాది అక్టోబరులో కేంద్రాన్ని కోరింది. అయినా ఒక పేరు మూస్తే మరో పేరుతో తెరుచుకున్నాయి.

చివరకు పార్లమెంటు 2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని ఆమోదించింది. ఆ నెల 22న రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటను నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రచారం చేస్తే రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా అని అందులో ఉంది. నైపుణ్యమా, అదృష్టమా అనే తేడా ఇక లేదు. దేశంలో 45 కోట్ల మంది ఏటా సుమారు 20,000 కోట్ల రూపాయలు ఈ ఆటల్లో పోగొట్టుకుంటున్నారని అప్పట్లో ప్రభుత్వ వర్గాలు అంచనా వేశాయి. పేరున్న దేశీయ కంపెనీలు డబ్బు ఆటలను వెంటనే ఆపివేశాయి. మిగిలింది ఎక్కడో సముద్రాల అవతల దీవుల్లో చిరునామా చూపే సంస్థలు, వాటి ఏజెంట్లు.

దీని పర్యవసానం స్పష్టం. నోటీసు పంపడానికి చిరునామా లేనివాడిపై వినియోగదారుల కమిషన్‌కు వెళ్లి సాధించేది అంతంత మాత్రమే. నిషేధించిన ఆటలో గెలుపు ఇప్పించమని అడిగితే ఏ న్యాయస్థానమూ అంగీకరించదు. తెరమీద కనిపించిన గెలుపు సొమ్ముపై ఆశ వదులుకోవలసిందే. ఆ ఆశ వదలని వారే రెండవసారి మోసపోతున్నారు. అయితే కట్టిన సొమ్ము సంగతి వేరు. మోసగించి తీసుకున్న డబ్బు నేరపు సొమ్ము. దాని వెంట పోలీసులు పడగలరు. ఈ రెండింటికీ గల తేడాను బాధితులు గ్రహించాలి.

చేయవలసిన పని త్వరగా చేయాలి. సొమ్ము పోయిందని తెలిసిన వెంటనే జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేయాలి. ఆ ఫిర్యాదు సొమ్ము చేరిన బ్యాంకుకు వెళుతుంది. ఆ ఖాతాలో డబ్బు ఇంకా మిగిలి ఉంటే దానిని నిలిపివేస్తారు. అక్కడి నుంచి మరో ఖాతాకు మారితే ఆ బ్యాంకుకూ కబురు వెళుతుంది. దొంగ సొమ్ము ఒక ఖాతాలో గంటల తరబడి ఉండదు గనుక ఆలస్యమైన కొద్దీ ఆశ సన్నగిల్లుతుంది. నిలిపివేసిన మొత్తాన్ని చట్టప్రకారం దరఖాస్తు చేసుకుని తిరిగి పొందవచ్చు. ఫిర్యాదుతోపాటు చెల్లింపు తేదీ, మొత్తం, యూపీఐ లావాదేవీ 12 అంకెల సంఖ్య, సొమ్ము చేరిన ఖాతా పేరు, ఏజెంటు ఫోన్ నంబరు, తెర ఫోటోలు భద్రపరచాలి. సిగ్గుపడి యాప్ తీసేస్తే సాక్ష్యం కూడా దానితోపాటే పోతుంది.

బ్యాంకు విషయంలోనూ ఒక భేదం ఉంది. ఖాతాదారుకు తెలియకుండా సొమ్ము పోతే, మూడు పని దినాలలో తెలియజేసినవారు నష్టం భరించనక్కరలేదని రిజర్వు బ్యాంకు 2017లో నిబంధన విధించింది. కానీ తన చేత్తో పిన్ నొక్కి పంపిన సొమ్ముకు ఆ రక్షణ దొరకడం కష్టం. ఏదేమైనా ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. బ్యాంకు తప్పు ఉండి 30 రోజుల్లో పట్టించుకోకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు.

'పోయిన సొమ్ము తెప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి' అని ఫోన్ చేసేవారు మరింత ప్రమాదకరం. ఒకసారి మోసపోయినవారి నంబర్లే వారికి పెట్టుబడి. 1930 సేవకు రుసుము లేదు. అలాగే నెలకు ఇంత ఇస్తామంటే బ్యాంకు పాసుపుస్తకం, ఏటీఎం కార్డు, సిమ్ అప్పగించే యువకులు తాము నేరంలో భాగస్వాములవుతున్న సంగతి తెలుసుకోవాలి. సొమ్ము ఆ ఖాతాలోకి చేరింది గనుక పోలీసులు మొదట వచ్చేది ఆ ఇంటికే.

ఇన్ని మార్గాలు ఉన్నా ఫిర్యాదు చేయడానికి జనం జంకుతున్నారంటే అందుకు బలమైన కారణం ఉంది. 2020 సవరణ తెచ్చినపుడు ఆడినవారికి ఆరు నెలల వరకు జైలు అని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. 2025 కేంద్ర చట్టంలో ఆడినవారిని శిక్షించే నిబంధన లేదు, వారిని బాధితులుగానే చూసింది. స్టేషన్ మెట్లెక్కితే తనపైనే కేసు పెడతారేమోనని పల్లెటూరి మనిషి భయపడటం సహజం. ఈ భయమే ఏజెంట్లకు పెట్టని కోట. దొంగను పట్టుకోవాలంటే దోపిడీకి గురైనవాడు నోరు విప్పాలి. నోరు విప్పినవాడిని ముద్దాయిని చేస్తే ఆ తర్వాత ఎవరూ రారు.

కనుక గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల పోలీసు అధికారులు ఈ సంగతిని బహిరంగంగా ప్రకటించాలి. మోసపోయి ఫిర్యాదుకు వచ్చినవారిపై జూదం కేసు పెట్టబోమని స్టేషన్ గోడమీద తెలుగులో రాయించాలి. ఫోన్‌లో ఫిర్యాదు నమోదు చేయడం తెలియని రైతులకు గ్రామ సచివాలయ సిబ్బంది సాయపడాలి. పంట కొనుగోలు సొమ్ము ఖాతాల్లో పడే నెలల్లో మిర్చి యార్డు, పత్తి కొనుగోలు కేంద్రాలు, బ్యాంకు శాఖల వద్ద 1930 నంబరు కనిపించేలా బోర్డులు పెట్టాలి. రాష్ట్ర చట్టంలో ఆటగాడి శిక్షపై ఉన్న నిబంధనను కేంద్ర చట్టంతో పోల్చి ప్రభుత్వం పునఃపరిశీలించాలి. వీటికి పెద్ద ఖర్చు లేదు, శ్రద్ధ మాత్రమే కావాలి.

కుటుంబాలకూ ఒక బాధ్యత ఉంది. డబ్బు పోగొట్టుకున్న కొడుకునో, భర్తనో పదిమందిలో నిలబెట్టి తిడితే అతను మరింత అప్పు చేసి దాచడానికి చూస్తాడు, లేదా ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. పొలం పోయినా మళ్లీ సంపాదించవచ్చు. మనిషి పోతే తిరిగి రాడు. మనసు కుంగినవారితో మాట్లాడేందుకు 14416 నంబరులో టెలీ మానస్ సేవ ఉచితంగా ఉంది. అప్పులవాళ్ల వేధింపులు, కేసుల విషయంలో ఉచిత న్యాయ సలహాకు న్యాయ సేవాధికార సంస్థ 15100 నంబరు ఉంది. వాటిని వాడుకోవడంలో నామోషీ లేదు.

మిర్చి యార్డులో పేరూ ఊరూ తెలియనివాడికి రైతు ఒక్క టిక్కీ అయినా అప్పగించడు. లైసెన్సు ఉందా, కొట్టు ఎక్కడ, పోయినసారి ఎవరికి బాకీ పెట్టాడు అని వాకబు చేసిన తర్వాతే సరుకు దింపుతాడు. ఏడాది చెమటతో పండిన పంట విషయంలో చూపే ఆ జాగ్రత్తను, ఆ పంట అమ్మిన డబ్బు విషయంలోనూ చూపితే ఈ తగాదాలలో చాలావరకు పుట్టనే పుట్టవు. పుట్టినచోట మాత్రం బాధితుడు ఒంటరి కాడని చూపించవలసిన బాధ్యత ప్రభుత్వానిదే.