గ్రంథం ఎవరి సొత్తు?

క్రైస్తవ మతానికి పరిశుద్ధ గ్రంథమే పునాది. ప్రార్థనకూ ప్రసంగానికీ ఆధారం అదే. అయితే ఆ గ్రంథాన్ని స్వయంగా చదివి అర్థం చేసుకొనే హక్కు ఎవరిది? ఇంగ్లండులో ఈ ప్రశ్నకు సమాధానం వెదకిన ఒక అనువాదకుడు ప్రాణాన్నే అర్పించవలసి వచ్చింది. ఆయన పేరు విలియం టిండేల్.

పదహారవ శతాబ్దపు తొలినాళ్ళలో అక్కడి చర్చిలలో లేఖనాలు లాటిన్‌లోనే వినిపించేవి. బిషప్పుల అనుమతి లేనిదే వాటిని ఇంగ్లీషులోకి తేవడం నేరం. పండితులు ఎరిగిన దైవవాక్యం పొలం దున్నే కుర్రవానికీ తెలియాలని టిండేల్ సంకల్పించాడు. 1523లో లండన్ బిషప్పును ఆశ్రయించి, విఫలుడై, మరుసటి ఏడు జర్మనీకి వెళ్ళిపోయాడు. గ్రీకు మూలం నుంచి ఆయన అనువదించిన క్రొత్త నిబంధన 1526లో వర్మ్స్ నగరంలో అచ్చయి, సరకుల మాటున రహస్యంగా ఇంగ్లండు చేరింది. ఆ ఏడే లండన్‌లోని సెయింట్ పాల్ చర్చి వద్ద ఆ ప్రతులను బహిరంగంగా తగులబెట్టారు.

అంతటి ఆగ్రహానికి లూథర్ ప్రభావం ఒక కారణం. అనువాదకుడు ఎంచుకొన్న మాటలు మరొక కారణం. ‘చర్చి’ అనవలసిన చోట ఆయన ‘సమాజం’ అనే అర్థం వచ్చే పదం వాడాడు, ‘మతగురువు’ను ‘పెద్ద’గా మార్చాడు, ‘ప్రాయశ్చిత్తం చేసుకో’ అనే చోట ‘పశ్చాత్తాపపడు’ అన్నాడు. చూడడానికి ఇవి చిన్న మార్పులే. కాని ప్రాయశ్చిత్తం విధించడానికి గురువు కావాలి. పశ్చాత్తాపపడడానికి మనస్సు చాలు. సర్ థామస్ మోర్ వంటి మేధావి 1529 నుంచి ఈ మాటలను ఖండిస్తూ గ్రంథాలే వ్రాశాడు. శతాబ్దాల సంప్రదాయం నిలబెట్టిన అర్థాన్ని ఒక వ్యక్తి కొట్టివేయరాదని ఆయన వాదం. సంప్రదాయం గ్రంథానికి అర్థం చెప్పాలా? గ్రంథమే సంప్రదాయానికి తీర్పు చెప్పాలా? వివాదమంతా ఇదే.

1535లో ఆంట్‌వెర్ప్ నగరంలో ఒక కపట మిత్రుని ద్రోహం వల్ల టిండేల్ పట్టుబడ్డాడు. బ్రస్సెల్స్ సమీపాన విల్‌వోర్డ్ కోటలో బందీగా ఉండగా ఆయన వ్రాసిన ఉత్తరం నేటికీ నిలిచి ఉంది. చలికి ఆగలేక వెచ్చని టోపీ, కోటు పంపమన్నాడు. చీకటిలో ఒంటరిగా కూర్చోలేక దీపం అడిగాడు. అన్నిటినీ మించి తన హీబ్రూ బైబిలు, వ్యాకరణం, నిఘంటువు ఇప్పించమని వేడుకొన్నాడు. పాత నిబంధన అనువాదం అప్పటికి పూర్తికాలేదు. 1536లో మతద్రోహ నేరంపై ఆయన గొంతు బిగించి చంపి, దేహాన్ని దహనం చేశారు.

మూడేళ్ళు తిరగకముందే, 1539లో, రాజాజ్ఞతో ఇంగ్లీషు బైబిలు వెలువడింది. అందులోనూ, 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదంలోనూ క్రొత్త నిబంధన చాలావరకు టిండేల్ రచనే. కింగ్ జేమ్స్ అనువాదకులు ‘చర్చి’ అనే మాటను తిరిగి తెచ్చారు. తక్కిన రెండు మాటలనూ ఉంచారు.

తెలుగు బైబిలు చదివేవారికి ‘సంఘము’, ‘పెద్దలు’, ‘మారుమనస్సు’ అనేవి నిత్యపరిచితమైన మాటలు. వాటిని పలకడానికి నేడు ఎవరూ జంకరు. ఇంచుమించు ఈ అర్థాలనే తన ప్రజల భాషలో పలికించిన టిండేల్ మాత్రం, 1524లో విడిచిన స్వదేశాన్ని మళ్ళీ చూడలేదు.