చారిజార్డ్‌కి ఎగరడం ఎందుకు రాదు?

నిప్పులు కక్కే నోరు. వీపున రెండు పెద్ద రెక్కలు. పైగా ఆటలోనే దాని రకం 'నిప్పు, ఎగిరేది' అని రాసి ఉంటుంది. అయినా ఎగరడం రాదు!

జపాన్‌లో 1996 ఫిబ్రవరి 27న విడుదలైన పోకెమాన్ రెడ్, గ్రీన్ వీడియోగేముల్లో చారిజార్డ్ పరిస్థితి ఇది. ఆట మొదట్లో ప్రొఫెసర్ మూడు జీవుల్ని చూపించి ఒకటి తీసుకోమంటాడు. వాటిలో చార్‌మాండర్ అనే బుల్లి బల్లిని ఎంచుకుని, 36వ లెవెల్ దాకా పెంచితే చారిజార్డ్ అవుతుంది. ఇన్ని రోజులు సాకినందుకు దాని వీపెక్కి ఊళ్లు తిరుగుదామని 'ఫ్లై' అనే విద్య నేర్పించబోతే... కుదరదనే సమాధానం. రెక్కలే లేని మూడు తలల పక్షి డోడ్రియో మాత్రం ఫ్లై నేర్చుకుని హాయిగా ఎగురుతుంది!

అసలు ఏ జీవికి ఏ విద్య రావాలో ఎవరు తేలుస్తారు?

పోకెమాన్‌లో ఏ జీవైనా ఒకసారికి నాలుగు విద్యలే గుర్తుపెట్టుకుంటుంది. ఐదోది కావాలంటే ఒకటి మర్చిపోవాల్సిందే. లెవెల్ పెరిగేకొద్దీ కొన్ని వాటంతటవే వస్తాయి. మిగతావి దారిలో దొరికే యంత్రాలతో నేర్పించాలి. తొలి గేముల్లో అలాంటివి 55. వాటిలో 50 ఒకసారి వాడితే అయిపోయేవి. మిగతా ఐదూ చెట్లు నరకడానికి, నీళ్లు దాటడానికి, ఎగరడానికి... ఇలా ప్రయాణంలోనూ పనికొచ్చేవి, ఎన్నిసార్లయినా వాడుకునేవి.

బడిలో హాజరు పట్టీ గుర్తు తెచ్చుకోండి. గేమ్ లోపల ప్రతి జీవికీ అలాంటి పట్టీ ఒకటి ఉంటుంది. 55 గళ్లు. నేర్చుకోగలిగితే ఒకటి, లేకపోతే సున్నా. కంప్యూటర్ లెక్కలో ఇదంతా కలిపి ఏడు బైట్లే. రెక్కలుంటే ఎగరాలి, మొప్పలుంటే ఈదాలి అన్న సూత్రమేదీ అందులో లేదు. 151 జీవులకూ గడి గడికీ మనుషులు తేల్చాల్సిందే. చారిజార్డ్ పట్టీలో ఫ్లై గడిలో సున్నా పడింది. అంతే!

అలాగని అన్నీ ఇష్టారాజ్యంగా నింపేశారనుకుంటే పొరపాటు. మాజికార్ప్ అనే ఎర్రచేపను చూడండి. ఓ పెద్దమనిషి దాన్ని గొప్ప చేపంటూ 500కి అంటగడతాడు. తీరా చూస్తే దానికి వచ్చింది ఎగిరెగిరి పడటమే. శత్రువుకి చీమ కుట్టినట్టయినా ఉండదు. 15వ లెవెల్లో ఒక మామూలు దెబ్బ నేర్చుకుంటుంది. యంత్రాల పట్టీలో మాత్రం మొత్తం సున్నాలే. నవ్వుకుంటూ, విసుక్కుంటూ 20వ లెవెల్ దాకా మోసుకెళ్లినవాళ్లకి అది గ్యారడోస్ అనే భయంకరమైన జలసర్పంగా మారి కనిపిస్తుంది. నీటి జీవే అయినా దానికి నిప్పు, మెరుపు, మంచు విద్యలు కూడా నేర్పించొచ్చు. ఈ చేప కథంతా చెప్పింది ఆ సున్నాలే. ఒక్క మంచి విద్య ముందే ఇచ్చి ఉంటే ఎవరికీ గుర్తుండేది కాదు.

1999లో వచ్చిన గోల్డ్, సిల్వర్ గేముల్లో వారసత్వం కూడా చేరింది. మామూలుగా రాని కొన్ని విద్యలు తండ్రికి వస్తే, గుడ్డులోంచి వచ్చే పిల్లకు పుట్టుకతోనే వస్తాయి. మరి తల్లి నుంచో? ఆ భాగ్యం కలగడానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది!

అన్ని సున్నాలనూ ఇలా సమర్థించలేం. ఫ్లేరియాన్ అనే నిప్పుజీవికి ఒంటి బలం 130. చాలా ఎక్కువ కిందే లెక్క. ఆ బలాన్ని వాడుకునే గట్టి నిప్పు విద్య 'ఫ్లేర్ బ్లిట్జ్' 2006 గేముల్లోనే వచ్చింది. ఫ్లేరియాన్‌కి దక్కింది మాత్రం 2013లో. ఏడేళ్లపాటు ఆ కండబలమంతా చాలావరకు వృథా. మరీ బలవంతుడైపోతాడేమోనని ఆపారనుకుందామంటే, పోటీల్లో ఫ్లేరియాన్‌ని చూసి జడిసినవాళ్లు తక్కువే.

ఫోన్లలో ఆడే పోకెమాన్ గోలో వ్యవహారం ఇంకోలా ఉంటుంది. అక్కడ కొన్ని విద్యలను క్యాలెండర్ తేలుస్తుంది. 2018 జనవరిలో జరిగిన మొదటి 'కమ్యూనిటీ డే' నాడు కేటాయించిన మూడు గంటల్లో పట్టుకున్న పికాచూలకే అలల మీద సవారీ చేసే 'సర్ఫ్' వచ్చింది. ముందురోజు పట్టుకున్న పికాచూ ఏ పాపం చేసిందో మరి! శరీరాన్ని బట్టో కథను బట్టో ఇవ్వకపోతే పిల్లలకు సర్దిచెప్పొచ్చు. ఆదివారం ట్యూషన్ ఉందని రాలేదంటే ఏం చెబుతాం?

ఇంతకీ చారిజార్డ్ సంగతి... మన దగ్గర 2003లో కార్టూన్ నెట్‌వర్క్‌లో మొదలైన పోకెమాన్ సీరియల్ చూసినవాళ్లకు అది యాష్‌ని వీపునెక్కించుకుని ఎగరడం గుర్తుండే ఉంటుంది. ఆ సీరియల్ ఆధారంగా జపాన్‌లో 1998లో వచ్చిన ఎల్లో గేమ్‌లో ఆ సున్నాను ఒకటి చేశారు. అప్పటికే అమ్ముడైన రెడ్, గ్రీన్ క్యాసెట్లను దిద్దే వీలు ఆ రోజుల్లో లేదు. ఒక్క దారి మాత్రం ఉంది. ఎల్లో ఉన్న స్నేహితుణ్ని వెతుక్కుని, రెండు గేమ్ బాయ్‌లనూ కేబుల్‌తో కలిపి, చారిజార్డ్‌ని అటు పంపాలి. అక్కడ ఫ్లై నేర్పించి మళ్లీ ఇటు తెచ్చుకుంటే పాత గేమ్‌లోనూ అది ఎగురుతుంది.