లిల్లీ తోటకు టానిక్కు: సీసా మీది అంకె చూడాలి

లిల్లీ వేసిన రైతు ఎరువుల దుకాణానికి వెళితే, అడిగిన యూరియాతోబాటు అడగని టానిక్కు సీసా కూడా సంచీలో పడటం మామూలైపోయింది. హార్మోను ఉందట, కాడ సాగుతుందట, పూత దండిగా వస్తుందట.

ఇదంతా అబద్ధమని కొట్టిపారేయడానికి లేదు. నేలసంపెంగ అని కూడా పిలిచే ఈ పంట దుంపలో ఆహారం నిలవ ఉంటుంది. ఎప్పుడు మొలవాలో, ఎంత సాగాలో నడిపించే హార్మోన్లూ ఉంటాయి. వాటిలో కాడను సాగదీసేది జిబ్బరెల్లిన్. దీని సంగతి బయటపడింది వరిచేలో. ఒక రకం బూజు సోకిన వరి వింతగా ఎత్తు పెరిగి పడిపోయేది. ఆ బూజు విడిచే పదార్థమే అందుకు కారణమని జపాను శాస్త్రజ్ఞుడు కురొసావా 1926లో చూపాడు. లీటరు నీటికి 50 నుంచి 100 మిల్లీగ్రాముల చొప్పున దీన్ని లిల్లీ మీద చల్లిన ప్రయోగాలలో కాడ పొడుగుతోబాటు పూల సంఖ్య కూడా పెరిగినట్లు తేలింది.

చిక్కంతా ఆ మిల్లీగ్రాముల దగ్గరే ఉంది. బజారులో దొరికే జిబ్బరెల్లిక్ ఆమ్లం ద్రావణాలలో 0.001 శాతం రకం ఒకటి. అంటే లీటరు మందులో అసలు సరుకు 10 మిల్లీగ్రాములు! చుక్క నీరు కలపకుండా చల్లినా 50కి చేరదు. ఇక ట్యాంకులో ఒక మూతెడు పోస్తే మొక్కకు అందేదెంత? అదే 40 శాతం రకమైతే ఒక్క గ్రాముతో 8 లీటర్లకు 50 మిల్లీగ్రాముల చొప్పున సరిపోతుంది. ఏ రకం ఏ పంటకో దానితో వచ్చే కరపత్రంలో ఉంటుంది. అందులో లిల్లీ ఉందో లేదో అడిగి చదివించుకోవాలి.

శాతమే రాయని సీసాల మాట చెప్పనక్కరలేదు. జిబ్బరెల్లిక్ ఆమ్లం 1968 నాటి పురుగుమందుల చట్టం కిందికి వస్తుంది. సముద్రపు నాచు రసం వంటి వాటిని 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. బిల్లు ఇవ్వనంటే సీసాను బల్ల మీదే వదిలి రావడం మేలు. అధికారులు కూడా శాతాలు, మోతాదులు తెలుగులో రాసిన బోర్డు ప్రతి దుకాణం ముందూ పెట్టించాలి.

అసలు ఆ డబ్బు దుంప మీద పెట్టడం మంచిది. లిల్లీ అరటి వంటిది. ఒకసారి పూసిన దుంప మళ్లీ పూయదు, పక్కన పుట్టిన పిల్లదుంపలే పూయాలి. గోళీకాయంత పిల్లలను ఏరకుండా నాటితే మొదటి ఏడు ఆకే మిగులుతుంది. హార్మోను పని చేయించగలదు గాని, దుంపలో లేని తిండిని తెచ్చిపెట్టలేదు. వేళ్లకు నులిపురుగు బుడిపెలు కట్టిన పొలంలో అది బొత్తిగా దండగ. పైగా దండలకు విడిపూలు కిలోల లెక్కన అమ్మే రైతుకు కాడ జానెడు పెరిగితే ఒరిగేదేమిటి? అది కాడలు కట్టలుగా నగరాలకు పంపేవారి అవసరం.

అయినా ఈ ఏడు చల్లి తీరాలనుకునేవారు రెండు సాళ్లు చల్లకుండా విడిచిపెట్టి, కోతల్లో ఆ పూలనూ ఈ పూలనూ వేరువేరుగా తూచి చూసుకోవచ్చు.