కొండదారి పలకలు – గుండె మాట

ప్రశ్న: నా వయసు 52. రోజూ ఉదయం పది కిలోమీటర్లు సైకిలు తొక్కుతాను. రక్తపోటుకు రెండేళ్లుగా అటెనోలాల్ మాత్ర వేసుకుంటున్నాను. వచ్చే వేసవిలో ఫ్రాన్సులో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళుతున్నాం. ఆల్ప్స్ కొండ ఒకటి ఇద్దరం సైకిళ్ల మీద ఎక్కుదామంటున్నాడు. దారి పొడవునా సైకిలువాళ్ల కోసం పలకలుంటాయి, వాటి ప్రకారం వెళితే భయం లేదంటాడు. ఈమధ్య ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు ఛాతీ మీద బరువు పెట్టినట్లుండి, ఆగితే తగ్గిపోతోంది. నేను వెళ్లవచ్చునా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీరు చివర రాసిన సంగతే అన్నిటికంటే ముఖ్యం. శ్రమపడినప్పుడు ఛాతీలో బరువు, ఆగితే తగ్గడం – గుండె కండరానికి రక్తం చాలడం లేదనడానికి గుర్తు కావచ్చు. గ్యాసు అనుకుని సోడా తాగి ఊరుకోకండి. సైకిలు పక్కన పెట్టి, ఈ వారంలోనే గుండె వైద్యుణ్ణి కలవండి. పడుకోబెట్టి తీసిన ఇ.సి.జి. బాగున్నంత మాత్రాన జబ్బు లేదని కాదు. ట్రెడ్‌మిల్ వంటి పరీక్షలు చెబితే చేయించుకోండి. ఊరికే కూర్చున్నప్పుడు బరువు వచ్చినా, తగ్గకపోయినా, చెమటలు పట్టినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మాత్రలు మాత్రం మీ అంతట మీరు మానకండి.

డాక్టరు సరేనంటే, అప్పుడు పలకల సంగతి.

ఫ్రాన్సు కొండదారులు చాలావాటిలో కిలోమీటరుకొక పలక ఉంటుంది. శిఖరం ఇంకా ఎంత దూరం, మీరిప్పుడు ఎంత ఎత్తున ఉన్నారు, వచ్చే కిలోమీటరు ఎంత ఏటవాలు అన్నవి దానిమీద రాసి ఉంటాయి. 8 శాతం అంటే వంద మీటర్ల దారికి ఎనిమిది మీటర్ల ఎత్తు. అయితే అది సగటు. మధ్యలో 11, 12 శాతం కూడా తగలవచ్చు. కనుక పెద్ద అంకె కనిపించగానే, కాళ్లు బరువెక్కకముందే, తేలిక గేరుకు మారాలి.

ఆల్ప్ ద్యుయెజ్ అనే కొండకు సుమారు 14 కిలోమీటర్ల దారిలో 21 మలుపులు. అడుగున 21, పైన 1 అని వరుసగా అంకెలు వేశారు. అంకె తగ్గేకొద్దీ ఉత్సాహం పెరుగుతుంది. కాని మొదటి రెండు కిలోమీటర్లే చాలా నిటారు. కొత్త ఊపులో అక్కడే బలమంతా ఖర్చు చేసుకునేవారు ఎక్కువ.

మరొక హెచ్చరిక. మీరు వేసుకునే మాత్ర నాడి వేగాన్ని అణచి ఉంచుతుంది. చేతి గడియారంలో నాడి తక్కువగా కనిపించినా, శ్రమ ఎక్కువై ఉండవచ్చు. పక్కనున్న అబ్బాయితో ఆగకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే సరే. మాట తెగితే వేగం తగ్గించండి. ఛాతీ బరువెక్కినా, తల తిరిగినా పలక ఎంత దూరంలో ఉన్నా సరే, దిగిపోండి.

ఎండ సంగతి ఆ పలకలు చెప్పవు. 1967 జులై 13న మోఁ వాంతూ కొండమీద, శిఖరం దగ్గరలో, టామ్ సింప్సన్ అనే బ్రిటిష్ పందెగాడు కూలిపోయి మరణించాడు. వయసు 29. మండే ఎండకు, విపరీతమైన శ్రమకు తోడు, ఉత్తేజం కోసం తీసుకున్న యాంఫిటమిన్ అతణ్ణి బలిగొన్నది. మీరు తెల్లవారగానే బయలుదేరండి, నీళ్లు దగ్గరుంచుకోండి. దిగేటప్పుడు చెమట బట్టలకు చలిగాలి కొడుతుంది, పైన కోటు వేసుకోండి.

డాక్టరు వద్దంటే నిరాశపడకండి. అదే కొండ కారులో ఎక్కి, అబ్బాయి పైకి వచ్చేసరికి మంచినీళ్లతో ఎదురు నిలబడండి.