ఖాందాన్ అంతా ఒకే బోటులోనా?

ఈద్ మర్నాటిని మన ఇళ్ళల్లో బాసీ ఈద్ అంటాం. ఆ రోజు మిగిలిన బిర్యానీ వేడి చేసుకుని తిన్నాక, ఏలూరులోనైనా తాడేపల్లిగూడెంలోనైనా ప్రతి ఖాందాన్‌లో లేచే సవాల్ ఒకటే: పిల్లల్ని ఎక్కడికి తీసుకుపోదాం? ఒకప్పుడు సినిమా, పార్కు, లేదంటే పేరుపాలెం బీచి. ఇప్పుడు ఇంకో షౌక్ వచ్చింది. ఒక బోటును రోజంతటికీ మన ఒక్కరికే మాట్లాడుకోవడం. కొల్లేరు కావచ్చు, ఉప్పుటేరు కావచ్చు, గోదావరి కావచ్చు. పొద్దున నాష్తా టిఫిన్ డబ్బాలతో ఎక్కితే మళ్ళీ అసర్ వేళకి ఒడ్డుకి రావడం.

ఇది ఫుజూల్ ఖర్చీ అనే బుజుర్గులున్నారు. నేను వాళ్ళతో ఏకీభవించను. పబ్లిక్ బోటులో మన ఆడవాళ్ళు మూలన ముడుచుకుని కూర్చుంటారు. ఎవరు చూస్తున్నారో, ఎవరు ఫోటో తీస్తున్నారో అన్న ఫికరుతోనే సఫర్ అయిపోతుంది. సొంతంగా మాట్లాడుకున్న బోటులో నానీమా కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. కొత్తగా పెళ్ళయిన భాభీ నోరారా నవ్వుతుంది. దస్తర్‌ఖాన్ పరుచుకోవచ్చు, వక్త్ అయితే నమాజ్ చదువుకోవచ్చు. సంవత్సరమంతా వంటింట్లో మగ్గే వాళ్ళకి ఒక్క రోజు ఆకాశం చూపించడానికి పెట్టిన డబ్బుని ఇస్రాఫ్ అనడానికి నాకు నోరు రాదు.

పైగా నీళ్ళు మనకి పరాయివి కావు. మచిలీపట్నాన్ని ఇప్పటికీ అందరూ బందరు అంటారు కదా, బందర్ అంటే ఫారసీలో రేవు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ సుల్తానుల జహాజులు అక్కడినుంచే ఎర్రసముద్రం వైపు సాగేవి, హాజీలనూ తీసుకుపోయేవి. గోదావరి లాంచీ నడిపేవాణ్ణి సరంగు అంటారు, అదీ ఫారసీ మాటే. లాంచీ మీద పనిచేసే కళాసీ, నీళ్ళలోకి దింపే లంగరు, ఇవీ మన జబాన్‌లోంచి తెలుగులోకి వచ్చి స్థిరపడ్డవే. నిడదవోలు, తాడేపల్లిగూడెం, భీమడోలు మీదుగా ఏలూరు వచ్చే కాలవలో బియ్యం బస్తాలతో పడవలు నడిచిన రోజులు మన దాదాలు చూశారు. కాబట్టి బోటెక్కడానికి మనం సిగ్గుపడాల్సిందీ లేదు, భయపడాల్సిందీ లేదు.

అయితే ఎక్కే పద్ధతి గురించి ఒక మాట గట్టిగా చెప్పాలని ఇది రాస్తున్నాను.

2023 మే 7, ఆదివారం. కేరళలో మలప్పురం జిల్లా తానూరు. ఈదుల్ ఫిత్ర్ అయి రెండు వారాలు, బడులకి సెలవులు. మన లాంటి కుటుంబాలే, మన లాంటి పిల్లలే. చేపల వేటకి వాడే పడవను మార్చి తయారు చేసిన టూరిస్టు బోటు అది. 22 మందికి సరిపోయే బోటులో 37 మంది ఎక్కారు. చీకటి పడే వేళ తిరగబడింది. 22 మంది పోయారు, అందులో సగానికి పైగా పిల్లలు. ఒకే కుటుంబంవాళ్ళు పదకొండు మంది. ఒక ఇంటినుంచి పదకొండు జనాజాలు! ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్.

మన దగ్గర జరగలేదా? 2017 నవంబరు 12న కృష్ణమీద ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, కార్తీకమాసంలో సంగమం చూడ్డానికి వెళ్తున్న బోటు మునిగి ఇరవై మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఒంగోలు నుంచి కలిసి వచ్చినవాళ్ళు. ఆ బోటుకి ఇజాజత్ లేదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు వెళ్తున్న రాయల్ వశిష్ఠ కచ్చులూరు దగ్గర మునిగింది. ఆ రోజు గోదావరిలో ఐదు లక్షల క్యూసెక్కుల పైన వరద ఉంది. 26 మంది మాత్రమే బతికారు. వాళ్ళని ఒడ్డుకి చేర్చింది ముందుగా ఆ ఊరి గిరిజనులే. మునిగిన బోటుని బయటికి తీయడానికి నెల దాటింది. 2024 జనవరి 18న వడోదర హర్ణీ చెరువులో స్కూలు పిక్నిక్ పిల్లలు పన్నెండు మంది, టీచర్లు ఇద్దరు పోయారు. అది నదీ కాదు, సముద్రమూ కాదు. ఊరి మధ్య చెరువు.

ఈ నాలుగింటిలోనూ యజమానుల లాలచ్, అధికారుల గఫ్లత్ ఉన్నాయి. ఆ జిమ్మేదారీ వాళ్ళదే, అందులో షక్ లేదు. అయితే సొంతానికి మాట్లాడుకున్న బోటులో ఒక తేడా ఉంది, దాన్ని మనం గుర్తించడం లేదు. పబ్లిక్ బోటులో ఎంతమందిని ఎక్కించాలో యజమాని నిర్ణయిస్తాడు. మనం మాట్లాడుకున్న బోటులో నిర్ణయించేది మనమే. అక్కడ ఎక్కువమందిని కుక్కేది డబ్బు ఆశ కాదు, ముహబ్బత్.

మొన్నటి ఈద్‌కి నా ససురాల్‌వాళ్ళతో ఇదే చర్చ జరిగింది. బోటువాడు పన్నెండు మంది అన్నాడు. మా లెక్క పంతొమ్మిది. పెద్ద మామూ అన్నమాట: "సబ్ ఏకిచ్ మే బైఠేంగే, పిల్లలు లెక్కలోకి రారు కదా భాయ్!" నేను రెండో బోటు మాట్లాడదామన్నాను. "అలా వేరు వేరుగా కూర్చుంటే ఇక మజా ఏముంది దూలాభాయ్?" అంది సాలీ. అది తప్పు మాట కాదు. ఏడాదికోసారి కలిసే అక్కచెల్లెళ్ళు పక్కపక్కన కూర్చోవాలనుకోవడంలో తప్పేముంది? కానీ ఆ కోరికే మనల్ని ముంచగలదు. బోటువాడు బీదవాడు. పండుగపూట బేరం పోగొట్టుకోలేక, పెద్దమనిషి మాట కాదనలేక, "సరేలెండి సాబ్, ఎక్కండి" అంటాడు. అనిపించింది మనం. చివరికి రెండు బోట్లే మాట్లాడాం. అరగంట సేపు మూతులు ముడుచుకున్నారు. తర్వాత ఈ బోటు పిల్లలు ఆ బోటు పిల్లలకి చేతులూపడమే పెద్ద ఆటైపోయింది.

పిల్లలు లెక్కలోకి రారన్నది మన ఇళ్ళల్లో చాలా పాత అలవాటు. బస్సులో ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాం, ఆటోలో సందుల్లో ఇరికిస్తాం. బోటుకి ఆ లెక్క చెల్లదు. పెద్దవాళ్ళు కూర్చున్నచోటే కూర్చుంటారు. పిల్లలు కొంగ కనిపిస్తే అందరూ ఒకేసారి ఒక పక్కకి పరిగెత్తుతారు. బరువు ఒక పక్కకి పోతే చిన్న బోటు ఒరుగుతుంది. పైన డెక్కు ఉంటే ఇంకా ఖతర్‌నాక్, బరువు పైకి పోయేకొద్దీ బోటు తేలిగ్గా తిరగబడుతుంది. సెల్ఫీ కోసం అందరం ఒకే పక్కకి చేరడమూ అంతే.

కొల్లేరు విషయంలో ఇంకో ధీమా వింటుంటాను. "అరే, కొల్లేరు మోకాలి లోతు, నడుము లోతు భాయ్, మునిగేదేముంది?" ఎండాకాలంలో చాలాచోట్ల అది నిజమే. కానీ వానలు పడి బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలిశాక ఆ లోతు ఉండదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ఏం చేసిందో చూశాం. ఆ నీళ్ళు చేరేది కొల్లేరులోకే. నీళ్ళు తక్కువున్నప్పుడు కూడా అడుగున ఉన్నది ఇసుక కాదు, ఒండ్రు. కాలు పెడితే దిగుతుంది. పైన గుర్రపుడెక్క, లోపల నాచు, పక్కన కిక్కిస. ఈత వచ్చినవాడికే కాళ్ళకి చుట్టుకుంటే కష్టం. లంక గ్రామాలవాళ్ళు తాటిదోనె మీద నిలబడి గెడ వేసుకుంటూ పోతారు. అది చిన్నప్పటినుంచి నీళ్ళలో పెరిగిన వాళ్ళ హునర్. వాళ్ళని చూసి మనం తేలిక అనుకోకూడదు. ఇక ఉప్పుటేరులో సముద్రం పోటు వస్తే నీళ్ళు ఎదురు తిరుగుతాయి. అక్కడి జాలరి చెప్పిన వేళే వేళ, మనం అనుకున్న టైము కాదు.

ఇప్పుడు లైఫ్ జాకెట్ మాట. మన ఆడవాళ్ళకి జాకెట్ ఇస్తే ఏం జరుగుతుందో మీకూ తెలుసు. బుర్ఖామీద వేసుకోవడానికి ఇబ్బంది, బిగించుకుంటే ఒళ్ళు తెలుస్తుందని సిగ్గు. జాకెట్ తీసి పక్కన పెట్టుకుని దానిమీద కూర్చుంటారు. మగవాళ్ళు కూడా ఏమీ అనరు, ఎందుకంటే వాళ్ళూ వేసుకోరు. కచ్చులూరులో బతికినవాళ్ళు చెప్పిన మాటలు పత్రికల్లో వచ్చాయి. ఒంటిమీద జాకెట్ ఉండబట్టి తేలామన్నవాళ్ళున్నారు. తడిసిన బుర్ఖా బరువెక్కుతుంది, కాళ్ళకి చుట్టుకుంటుంది. జాకెట్ లేకుండా బుర్ఖాతో నీళ్ళలో పడితే ఈత వచ్చినా చేతులు ఆడవు.

పర్దా గురించి ఫత్వా ఇవ్వడం నా పని కాదు, నా అర్హతా కాదు. ఒక్కటి మాత్రం అడుగుతాను. బోటుని సొంతానికి ఎందుకు మాట్లాడుకున్నాం? మన ఆడవాళ్ళు బేఫికర్‌గా ఉండాలనే కదా. అలాంటప్పుడు లోపల సల్వార్ కమీజు వేసుకుని, తలకి స్కార్ఫు చుట్టుకుని, పైన జాకెట్ బిగించుకునే సదుపాయం కూడా అదే డబ్బుతో కొన్నాం. బుర్ఖా తీయడం ఇష్టంలేని వాళ్ళు దానిమీదే జాకెట్ వేసుకోవచ్చు, ఒక బెహన్ ఇంకో బెహన్‌కి పట్టీలు బిగించవచ్చు. జాన్ కాపాడుకోవడం కూడా ఫర్జే. పిల్లలకి పిల్లల సైజు జాకెట్లే కావాలి. పెద్దవాళ్ళది వేస్తే నీళ్ళలో పడగానే తలమీదినుంచి జారిపోతుంది. పిల్లల సైజు లేవంటే ఆ బోటు మనకొద్దు. ఇందులో మరో మాట లేదు.

"ఏమవుతుంది, అల్లా ఉన్నాడు" అంటారు మనవాళ్ళు. ఉన్నాడు, బేషక్. ఒంటెను ముందు కట్టేసి ఆ తర్వాత తవక్కుల్ చేయమన్న హదీస్ ప్రతి జుమ్మాకి ఎక్కడో ఒకచోట వింటూనే ఉంటాం. హజ్రత్ నూహ్ అలైహిస్సలాం కూడా హుకుం వచ్చాక చేతులు ముడుచుకుని కూర్చోలేదు, కిష్తీ కట్టారు. బోటెక్కేటప్పుడు దుఆ చదవండి. దుఆ చదివి జాకెట్ బకిల్ కూడా పెట్టుకోండి.

ప్రభుత్వం ఏం చేస్తోందని అడగొచ్చు. కచ్చులూరు తర్వాత బోట్లన్నీ ఆపేశారు. 2020లో బోటింగ్ కోసం తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములు పెట్టారు. 1917 నాటి పాత చట్టం పోయి 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. ఇంజను ఉన్న బోటుకి సర్వే సర్టిఫికెట్, రిజిస్ట్రేషన్ ఉండాలి. ఎంతమందిని ఎక్కించవచ్చో కాగితంమీద ఉంటుంది. ఆ కాగితం చూపించమని అడిగే హక్కు మనది. సిగ్గుపడకండి. పెళ్ళి సంబంధానికి వెళ్తే ఏడు తరాలు తవ్వుతాం, ఖాందాన్‌ని ఎక్కించే బోటు గురించి రెండు ప్రశ్నలు అడగలేమా?

ప్రమాదం జరిగినప్పుడల్లా అన్ని బోట్లూ బంద్ చేయడం కూడా ఇన్సాఫ్ కాదు. ఒకడు చేసిన దానికి రేవులో ఉన్న వందమంది సరంగుల, కళాసీల రోజీ పోతుంది. అందుకని కూడా మనం జాగ్రత్తగా ఉండాలి. కాగితాలు సరిగా పెట్టుకుని, జాకెట్లు శుభ్రంగా ఉంచి, "ఇంతకంటే ఎక్కించను సాబ్" అని చెప్పే బోటువాడికి మనం పది మందిలో పేరు చెప్పాలి, ఒక వంద ఎక్కువే ఇవ్వాలి. అలాంటివాడికి బేరాలు పెరిగితే మిగిలినవాళ్ళూ దారికొస్తారు.

కొల్లేరుకి పోయేవాళ్ళకి ఇంకొక్క మాట. కొల్లేరులో 308 చదరపు కిలోమీటర్ల మేర 1999 నుంచి పక్షుల అభయారణ్యం, 2002 నుంచి రాంసార్ చిత్తడి నేల. ఇష్టం వచ్చినట్టు ఇంజను బోటు తిప్పడానికి అది ఎవరి సొంత చెరువూ కాదు. ఇజాజత్ కావాలి. ఆటపాక దగ్గర అటవీశాఖ ఏర్పాట్లున్నాయి, ముందు అక్కడ అడగండి. ఈద్ ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతూ చలికాలం వైపు వస్తోంది. అంటే గూడబాతులు పిల్లలు పెట్టే కాలంలోకి మన సెలవులు వస్తున్నాయి. స్పీకరు పెట్టి ఖవ్వాలీ వాయిస్తే తల్లి లేస్తుంది, పిల్ల ఎండలో ఉండిపోతుంది. ప్లాస్టిక్ ప్లేట్లు, ఎముకలు నీళ్ళలో పారేయడం మన తహజీబ్ కాదు. డబ్బాలో తెచ్చింది డబ్బాలోనే తిరిగి తీసుకుపోదాం.

ఆఖరుగా మన మస్జిద్ కమిటీలకి, మదర్సా స్కూళ్ళు నడిపే పెద్దలకి ఒక గుజారిష్. చుట్టూ కాలవలు, చెరువులు, సరస్సు, సముద్రం. ఇలాంటి ఇలాఖాలో పుట్టిన మన ఆడపిల్లల్లో ఎంతమందికి ఈత వచ్చు? ఒక ఈతకొలనులో వారానికి రెండు గంటలు ఆడవాళ్ళకే కేటాయించమని, లేడీ కోచ్‌ని పెట్టమని కలిసి అడిగితే కాదనేవాళ్ళు ఉండరనే అనుకుంటాను. షాదీఖానాకి చందాలు వేసుకున్న మనకి ఇదేమంత భారం కాదు.

అంతదాకా మాత్రం ఒక్క పద్ధతి పెట్టుకుందాం. ఖాందాన్ సఫర్ అనగానే డేగ్‌లో ఎన్ని కిలోల బియ్యం పోయాలో తలకాయలు లెక్కపెడతాం కదా. అప్పుడు చంటిపిల్లని కూడా వదలం. అదే లెక్క, అవే తలకాయలు, బోటువాడికి కూడా చెబుదాం. అతను అంతమంది కుదరదంటే, ఆ మాట కాదనకుండా రెండో బోటు మాట్లాడుకుందాం.