లక్షల గడియారం: కాలానికి ధరా, హోదాకు ధరా?

2009 మార్చిలో న్యూయార్క్‌లో ఒక వేలం జరిగింది. మహాత్మా గాంధీ కళ్ళజోడు, చెప్పులు, పళ్ళెం, గిన్నె, జేబు గడియారం అమ్మకానికి వచ్చాయి. మన దేశపు మద్యం వ్యాపారి విజయ్ మాల్యా వాటిని 18 లక్షల డాలర్లకు పాడుకున్నారు. ఆ గడియారం జెనిత్ అనే స్విస్ సంస్థ తయారీ. గాంధీ గడియారాన్ని నడుముకు వేలాడదీసుకున్నది పదిమందికీ చూపడానికి కాదు, తన కోసం ఎదురుచూసే పదిమంది కాలాన్ని వృథా చేయకుండా ఉండడానికి. నేడు మన ప్రజాజీవితంలో గడియారం చేస్తున్న పని సరిగ్గా దీనికి తలకిందులు.

ఇటీవల ఒక మిత్రుడు నన్ను సలహా అడిగారు. పది లక్షలు పెట్టి ఒక స్విస్ వాచీ కొనదలచారట. ఇప్పుడు కొనకపోతే వచ్చే ఏడాది పన్నెండు లక్షలు అవుతుందని దుకాణదారు చెప్పాడట. ఆయన సొమ్ము ఆయన ఇష్టం. అయితే ఆ వస్తువు ఆ ధరకు తగునా అని అడిగితే, తగదు అన్నదే నా సమాధానం. ఎందుకు తగదో చెప్పడం వ్యక్తిగత సలహాతో ముగిసే విషయం కాదు. అందులో మన పరిశ్రమల చరిత్ర ఉంది, పన్నుల విధానం ఉంది, ఎన్నికల రాజకీయం ఉంది.

మొదట యంత్రం సంగతి. యాంత్రిక గడియారంలో చుట్టుకున్న స్ప్రింగు మెల్లగా విప్పుకుంటూ పళ్ళచక్రాలను తిప్పుతుంది. ఒక చిన్న చక్రం అటూ ఇటూ ఊగుతూ ఆ శక్తిని సమాన భాగాలుగా తుంచుతుంది. ఇది మానవ మేధస్సు సాధించిన గొప్ప విజయాలలో ఒకటి, సందేహం లేదు. కానీ 1969 డిసెంబరు 25న జపాన్ సంస్థ సీకో తన క్వార్ట్జ్ వాచీ ఆస్ట్రాన్‌ను విడుదల చేసిన నాడే కాలాన్ని కొలిచే పోటీ ముగిసింది. స్విస్ క్రోనోమీటర్ ధ్రువపత్రం పొందే యాంత్రిక వాచీ సగటున రోజుకు 4 సెకన్లు వెనుకబడవచ్చు, 6 సెకన్లు ముందుకు పోవచ్చు. వెయ్యి రూపాయల సెల్లు వాచీ నెల మొత్తం మీద తప్పేది 15 సెకన్ల చుట్టుపక్కల. 1970లో దాదాపు 90 వేల మందికి ఉపాధి ఇచ్చిన స్విస్ గడియార పరిశ్రమ 1980ల నడిమికి 30 వేల స్థాయికి కుంగిపోవడానికి ప్రధాన కారణం ఇదే.

ఆ పతనం నుంచి అది లేచిన తీరులోనే నేటి ధరల రహస్యం ఉంది. ఖచ్చితత్వంలో ఓడిపోయిన వస్తువును హోదాగా అమ్మడం నేర్చుకున్నది. 2011లో స్విట్జర్లాండ్ ఎగుమతి చేసిన చేతి గడియారాలు దాదాపు 3 కోట్లు. 2024 నాటికి ఆ సంఖ్య కోటిన్నరకు పడిపోయింది. అదే కాలంలో గడియారాల ఎగుమతి విలువ మాత్రం సుమారు 1,900 కోట్ల ఫ్రాంకుల నుంచి 2,600 కోట్ల ఫ్రాంకులకు పెరిగింది. వాచీల సంఖ్య సగమైంది, ఆదాయం మూడో వంతుకు పైగా పెరిగింది. తక్కువమందికి ఎక్కువ ధరకు అమ్మడమే ఈ పరిశ్రమ ఎంచుకున్న మార్గం. పేరున్న నమూనా అడిగిన వెంటనే దొరకదు. వేచి ఉండేవారి జాబితాలో చేరాలి, ముందుగా ఇతర నమూనాలు కొని నమ్మకస్తుడైన ఖాతాదారుగా నిరూపించుకోవాలి. కొరత వలన ధర పెరగడం మార్కెట్ సూత్రం. ధర కోసం కొరతను కాపాడుకోవడం వ్యాపార తంత్రం.

సమర్థకుల వాదనలు నాకు తెలియనివి కావు. బంగారం ధర పెరిగింది, ఫ్రాంకు బలపడింది అంటారు. నిజమే. కానీ గ్రాము బంగారం లేని ఉక్కు వాచీల ధరలు కూడా ఏటా ఎందుకు పెరుగుతున్నాయి? ఫ్రాంకు మారకం కొంత పెంపును వివరించగలదు, అంతటినీ కాదు. ఇది పెట్టుబడి అంటారు. 2022 తొలినాళ్ళలో శిఖరానికి చేరిన పాత వాచీల ధరలు ఆ తరువాత జారిపోయినప్పుడు, ఇక పెరగడమే తప్ప తగ్గడం ఉండదని నమ్మి కొన్నవారిని అడగండి. వడ్డీ రాదు, అద్దె రాదు, పైగా కొన్నేళ్ళకొకసారి విప్పి శుభ్రం చేయించాలి. ఇటువంటి పెట్టుబడిని మన పెద్దలు ఖర్చు అనేవారు.

హస్తకళకు వెల కట్టలేమన్నది మూడవ వాదన. ఇది అన్నిటికంటే బలమైనది, అందుకే నిజాయితీగా ఎదుర్కోవాలి. స్విట్జర్లాండ్‌లోని జూ లోయలో ఫిలిప్ దుఫూర్ వంటి కళాకారులు ఒక్కొక్క భాగాన్ని చేతితో సానపట్టి వాచీలు చేస్తారు. వారి శ్రమకు ఎంత ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు. అయితే ఏటా లక్షల సంఖ్యలో కర్మాగారాలలో కంప్యూటరు యంత్రాలు చెక్కే వాచీలకు ఆ కళాకారుడి కీర్తిని తగిలించి అమ్మడం కళను గౌరవించడం కాదు. మరొక మాట. హస్తకళ పేరు చెప్పి జెనీవా వాచీకి పది లక్షలు చెల్లించే చేయి, పోచంపల్లి చీర దగ్గర, వెంకటగిరి చీర దగ్గర ఐదు వందలు తగ్గించమని బేరమాడుతుంది. మగ్గం గుంటలో కూర్చున్న నేతగాడి చేతిపని చేతిపని కాదా?

మనకూ యాంత్రిక వాచీలు చేసే పరిశ్రమ ఉండేది. 1961లో జపాన్‌కు చెందిన సిటిజన్ సంస్థ సహకారంతో బెంగళూరులో ప్రభుత్వ రంగ సంస్థ హెచ్ఎంటీ వాచీల తయారీ మొదలుపెట్టింది. ఒక నమూనాకు జనతా అనే పేరు పెట్టింది. ఆ పేరే ఆ కాలపు ఆశయం. పెళ్ళిలో అల్లుడికి కీ ఇచ్చే హెచ్ఎంటీ వాచీ పెట్టని తెలుగు ఇల్లు ఆ తరంలో అరుదు. మా నాన్నగారికి పెళ్ళినాడు పెట్టిన వాచీ నేటికీ నడుస్తున్నది. బజారు వీధిలో కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చునే వాచీ రిపేరు మేస్త్రి దానిని విప్పి, కడిగి, నూనె వేసి కొన్ని వందల రూపాయలు తీసుకుంటాడు. సెల్లు వాచీల యుగానికి తగినట్టు మారడంలో హెచ్ఎంటీ వెనుకబడింది, టైటాన్ ముందుకు పోయింది. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్ఎంటీ వాచీల సంస్థ మూసివేతకు ఆమోదం తెలిపింది. అదే స్ప్రింగు, అవే పళ్ళచక్రాలు. బెంగళూరులో అయితే కాలం చెల్లిన సాంకేతికత, జెనీవాలో అయితే అమూల్య వారసత్వం.

ఇక రాజకీయానికి వద్దాం. హెచ్ఎంటీకి తలుపులు మూసిన ఆ 2016లోనే కర్ణాటక ముఖ్యమంత్రి సిద్దరామయ్య చేతికి ఉన్న హ్యూబ్లో వాచీ శాసనసభను కుదిపివేసింది. దాని ఖరీదు 70 లక్షలని ప్రతిపక్షం ఆరోపించింది. మిత్రుడు ఇచ్చిన కానుక అని ఆయన చెప్పారు, చివరకు దానిని సభాపతికి అప్పగించారు. 2022 డిసెంబరులో తమిళనాడు బీజేపీ అధ్యక్షుడు అన్నామలై, రఫేల్ విమానం పేరిట 500 మాత్రమే తయారైన వాచీ ధరించినందుకు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. పొరుగున పాకిస్తాన్‌లో ఇమ్రాన్ ఖాన్‌ను చుట్టుకున్న తోషాఖానా వివాదంలో ప్రధాన వస్తువు సౌదీ యువరాజు బహూకరించిన గ్రాఫ్ గడియారం. 2023 ఆగస్టు 5న ఆయనకు మూడేళ్ళ శిక్ష పడింది; ఆ నెలలోనే హైకోర్టు దాని అమలును నిలిపివేసింది. కేసు రాజకీయ ప్రేరితమన్నది ఆయన వాదన. ఈ ముగ్గురినీ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. పార్టీ ఏదైనా, దేశం ఏదైనా, లక్షల విలువను చొక్కా చేతికింద దాచుకోగల వస్తువు ఇది అన్నదే నేను చెప్పదలచినది. ఇల్లు కొంటే రిజిస్ట్రేషను ఉంటుంది, కారు కొంటే నంబరు ఉంటుంది. వాచీ ఒక చేతి నుంచి మరొక చేతికి మారితే ఏ కార్యాలయంలోనూ నమోదు కాదు.

న్యాయస్థానం ఈ సంగతిని గమనించింది. అరుణాచల్ ప్రదేశ్‌లోని తేజు నియోజకవర్గ ఎన్నిక వివాదంలో 2024 ఏప్రిల్‌లో తీర్పు చెబుతూ, అభ్యర్థి తన ప్రతి చరాస్తినీ వెల్లడించనవసరం లేదని సుప్రీంకోర్టు పేర్కొన్నది. అయితే అందుకు ఉదాహరణగా వాచీనే ఎంచుకున్నది. సాధారణ వాచీని చెప్పకపోవడం లోపం కాకపోవచ్చు. ఖరీదైన వాచీల సేకరణను దాచడం మాత్రం వేరే సంగతి అని వివరించింది. అయినా అభ్యర్థుల ప్రమాణపత్రంలో వాచీలకు విడిగా గడి లేదు. ఆభరణాలు, ఇతర విలువైన వస్తువులు అన్న చోట వాటిని రాసేదీ మానేదీ అభ్యర్థి మనస్సాక్షికే వదిలివేశాం.

పన్నుల తీరు మరీ వింత. 2025 అక్టోబరు 1న అమలులోకి వచ్చిన ఎఫ్టా ఒప్పందం ప్రకారం స్విస్ వాచీలపై ఉన్న 20 శాతం దిగుమతి సుంకం ఏడేళ్ళలో సున్నాకు చేరుతుంది. ప్రతిగా పెట్టుబడులు, ఉద్యోగాలు వస్తాయన్నారు, రావాలనే కోరుకుందాం. కానీ 2025 సెప్టెంబరు 22 నుంచి అమలవుతున్న జీఎస్టీ రేట్లు చూడండి. కూలీ తాగే గ్యాస్ కూల్‌డ్రింకుపై 40 శాతం, యాభై లక్షల వాచీపై 18 శాతం. పది లక్షలు దాటిన వాచీపై వసూలు చేస్తున్న 1 శాతం టీసీఎస్ అదనపు పన్ను కాదు, ఆదాయపు పన్నులో సర్దుబాటు చేసుకోగలిగిన ముందస్తు వసూలు మాత్రమే.

కనుక నా డిమాండ్లు మూడు. పది లక్షలు దాటిన వాచీని 40 శాతం శ్లాబులోకి తేవాలి. ఎన్నికల ప్రమాణపత్రంలో వాచీలకు ప్రత్యేక గడి ఉండాలి. తయారీ సంస్థ, విలువ, అది చేతికి వచ్చిన మార్గం అందులో రాయాలి. మంత్రులు, శాసనసభ్యులు స్వీకరించే కానుకల పట్టికను ఏటా ప్రజల ముందు ఉంచాలి. ఇందులో ఏదీ ఎవరి అభిరుచినీ నిషేధించదు.

నా మిత్రునికి చెప్పినది కూడా ఇదే. ఆ యంత్రం అందం నచ్చి, వచ్చే ఏడాది దాని ధర సగమైనా బాధపడనని అనుకుంటే కొనండి. ధర పెరుగుతుందని మాత్రం కొనకండి. ఇక ఓటరుగా మనం చేయవలసిన పని మరొకటి ఉంది. సభకు రెండు గంటలు ఆలస్యంగా వచ్చి, ఎండలో కూర్చున్న జనానికి చేయి ఊపే నాయకుడి మణికట్టును ఒకసారి చూడాలి. అక్కడున్న గడియారం ఎంతకు వచ్చింది, ఎవరిచ్చారు అని అడగాలి.